ఆకేరు నుంచి గోదావరి దాకా: తాటికల్లు, ఇప్పసారా సీమ

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబర్ 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి విడివడ్డాయి. వీటిలో వైన్ కోసం పెంచే ద్రాక్షతోటలు లేవు, నేలమాళిగల్లో పేర్చిన ఓక్ పీపాలూ లేవు. అయినా మద్యం చరిత్ర తెలుసుకోవాలని బయల్దేరిన యాత్రికుడికి ఈ మూడు జిల్లాల్లో కావలసినంత సరుకుంది. పడమటి మెట్టల్లో తాటి, ఈత చెట్ల కల్లు దొరుకుతుంది. తూర్పు అడవుల్లో ఇప్పపువ్వు నుంచి సారా దిగుతుంది. ఈ రెంటి మధ్య ఒక తిరుగుబాటు, ఒక వెట్టిచాకిరి చరిత్ర, వందేళ్లకు మించిన ఆబ్కారీ చట్టాలు ఉన్నాయి.

ఈ సీమ నీళ్లు రెండు దిక్కులకు పోతాయి. జనగామ మెట్టల వైపు నుంచి వచ్చే ఆకేరు మహబూబాబాద్ మీదుగా సాగి మున్నేరులో కలుస్తుంది. పాకాల దగ్గర పుట్టిన మున్నేరు ఆ నీళ్లను కృష్ణకు చేరుస్తుంది. భూపాలపల్లి వైపు మాత్రం మోరంచవాగు, మానేరు గోదావరి దారి పడతాయి. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. వాన తక్కువగా పడే జనగామ నేలల్లో పొలం గట్ల మీద, చెరువు కట్టల కింద, పోరంబోకుల్లో తాటిచెట్టు నిలబడితే, గూడూరు, కొత్తగూడ, గంగారం, మహాముత్తారం వైపు అడవిలో ఇప్పచెట్టు రాజ్యం చేస్తుంది.

పోల్చి చూడటానికి ప్రపంచంలో ప్రసిద్ధమైన ఉదాహరణ పోర్చుగల్‌లోని డోరో నదిలోయ. అక్కడి పోర్ట్ వైన్ ఫోర్టిఫైడ్ రకం. ద్రాక్షరసం సగం పులిసి, తీపి ఇంకా మిగిలి ఉండగానే అందులో 77 శాతం ఆల్కహాల్ గల ద్రాక్ష స్పిరిట్ పోస్తారు. దాంతో పులియడం ఆగిపోతుంది, తీపి నిలుస్తుంది, ఘాటు 19 నుంచి 22 శాతానికి చేరుతుంది. 1703 నాటి మెథువెన్ ఒప్పందం తర్వాత ఇంగ్లండ్‌కు పోర్చుగల్ వైన్ విరివిగా పోయింది. ఓడ ప్రయాణంలో చెడకుండా మొదట్లో కాస్త బ్రాందీ కలిపేవారు. ఆ అలవాటే ముదిరి పంతొమ్మిదో శతాబ్దానికి అక్కడి పద్ధతిగా స్థిరపడింది.

డోరోకు ఆ పేరు నిలబెట్టింది రుచి ఒక్కటే కాదు, చట్టం కూడా. సరుకు ధర పడిపోయి, రంగు కోసం ఎల్డర్‌బెర్రీ రసం కలిపే మోసం పెరిగిన రోజుల్లో పోర్చుగల్ మంత్రి మార్క్విస్ ఆఫ్ పోంబాల్ 1756లో ఒక కంపెనీ పెట్టించి, లోయకు హద్దులు గీయించాడు. తర్వాతి ఏళ్లలో హద్దు పొడవునా 300కు పైగా గ్రానైటు రాళ్లు పాతారు. ఎల్డర్‌బెర్రీ పొదలను పెరికించారు. 2001లో ఆ లోయ యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఆకేరు, గోదావరుల నడుమ కూడా చట్టానికి కొదవ లేదు. అయితే ఇక్కడ అది పన్ను వసూలుకే వచ్చింది తప్ప సరుకు పేరు నిలపడానికి రాలేదు. ఈ సీమ మద్యం కథంతా ఆ తేడాలోనే ఉంది.

చెట్టు, గీత, మండువ

తాటిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. గీసేవాళ్లు వీటిని పోద్దాడు, పరుపుతాడు, పండుతాడు అని విడదీసి చెబుతారు. పోద్దాడంటే మగచెట్టు. పరుపుతాడు, పండుతాడు ఆడచెట్టువి. ఒక్కోదాని కాలం ఒక్కోటి, రుచి కూడా ఒక్కోటి. చలికాలం నుంచి ఎండాకాలం చివరిదాకా ఒకదాని వెనక ఒకటి అందుకోవడం వల్ల మండువ, అంటే కల్లు అమ్మే చోటు, చాలాకాలం ఎండిపోదు. ఈతచెట్టుది చలికాలపు కల్లు. తాటికి గెల గీస్తారు, ఈతకు మాత్రం మట్టల కింద మొదలునే చెక్కుతారు. ఒక ఏడు ఒకవైపు, మరో ఏడు రెండోవైపు చెక్కడంతో మాను మీద మెట్లు మెట్లుగా గంట్లు పడతాయి. ముసలి ఈతచెట్టు ఎన్నేళ్లు గీతకు వచ్చిందో ఆ గంట్లు లెక్కపెట్టి చెప్పవచ్చు.

పని తెల్లవారకముందే మొదలవుతుంది. నడుము చుట్టూ మోకు, కాళ్లకు గుజి, మొలకు కత్తులు. కల్లుగీత కులస్థుడైన గౌడన్న చెట్టెక్కి గెల చివర కాగితమంత పలచగా చెక్కి, దాని కింద లొట్టి కడతాడు. లోతుగా గీస్తే గెల పాడైపోతుంది, గీయకపోతే ధార ఆగిపోతుంది. అందుకే చెట్టును ఒక్కపూట కూడా వదలడానికి లేదు. పెళ్లయినా చావైనా ఇంకొకరిని చెట్టుకు పంపాల్సిందే. పొద్దటి కల్లు తియ్యగా ఉంటుంది, మాపటి కల్లు పుల్లగా ఉంటుంది. తాగేవాళ్లలోనూ ఈ రెండు పార్టీలు ఉన్నాయి, ఒకరి ఇష్టం ఒకరికి నచ్చదు.

పులియడం లొట్టిలోనే మొదలవుతుంది. గాలిలోనూ కుండ అంచున పాత కల్లు మడ్డిలోనూ ఉండే ఈస్టు, సూక్ష్మజీవులు చెట్టురసంలోని చక్కెరను గంటల్లోనే ఆల్కహాల్‌గా మారుస్తాయి. మామూలు కల్లులో అది సుమారు 4 నుంచి 6 శాతం ఉంటుంది, అంటే బీరుకు దగ్గర. ఒక రోజు దాటితే పులుపు పెరిగి వెనిగర్ దారి పడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగి నీరా మిగులుతుంది. డోరో రైతు స్పిరిట్ పోసి ఆపిన పనినే ఇక్కడ సున్నం చేస్తుంది. అయితే డోరోలో ఆల్కహాల్ పెరుగుతుంది, ఇక్కడ అసలు పుట్టనే పుట్టదు.

నిలవ ఉండని సరుకుకు దూరపు మార్కెట్ ఉండదు. కల్లుకు ఓడలూ వ్యాపారి కంపెనీలూ పుట్టకపోవడానికి కారణం ఇదే. దించిన ఊళ్లోనే, దించిన పూటే అది చెల్లిపోవాలి. అందుకే వనం పక్కనే మండువ వెలుస్తుంది. తాటాకు మడిచి చేసిన రేకలో కల్లు పోస్తారు. పక్కన గుడాలో ఎండుచేపలో బోటికూరో ఉంటుంది. గ్లాసులు వచ్చాక రేక తగ్గింది. పాతవాళ్లు మాత్రం రేకలో తాగితేనే తాగినట్టు అంటారు, అందులో నిజముంది. పచ్చి ఆకు వాసన కల్లు పులుపును కాస్త మెత్తబరుస్తుంది.

చెట్టు మీదున్న మనిషికి ఆసరా మోకు ఒక్కటే. వానకు తడిసిన మాను మీద కాలు జారితే ప్రాణానికే ముప్పు, బతికినా నడుము పడిపోయి మంచాన పడ్డవాళ్లు ఊరూరా కనిపిస్తారు. చెట్టెక్కేముందు గౌడులు తమ దేవుడు కాటమయ్యను తలుచుకుంటారు, ఎల్లమ్మకు, కంఠమహేశ్వరుడికి కొలుపులు చేస్తారు. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో పడిపోకుండా ఆపే తాళ్లు, క్లిప్పులు, బెల్టులతో కూడిన ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లను పంచడం మొదలుపెట్టింది. ప్రభుత్వం సరైన పేరే వెతికింది. పని మాత్రం ఎప్పుడో జరగాల్సింది.

ఖిలాషాపూర్ గీత కార్మికుడు

జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్‌లో ఒక రాతికోట ఉంది. దాన్ని కట్టించింది ఏ వంశపు రాజూ కాదు, సర్వాయి పాపన్న అనే కల్లుగీత కులస్థుడు. ఆయన జయంతిని ఆగస్టు 18న జరుపుకుంటారు. మొగలులు గోల్కొండను జయించిన తర్వాత పన్నుల వసూలుకు, దోపిడీకి తేడా తెలియకుండా పోయిన రోజులవి. పాపన్న తాటికొండ గుట్ట మీద మొదటి స్థావరం ఏర్పరచుకుని, తర్వాత ఈ కోట కట్టించాడు. వడ్డెర, చాకలి, కుమ్మరి, ముస్లిం అనే తేడా లేకుండా అనేక కులాల వాళ్లను చుట్టూ చేర్చుకున్నాడు.

1708 వసంతంలో, మొహర్రం రోజుల్లో ఆయన దండు వరంగల్ మీద పడింది. మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాతల్లో ఆయన దొంగగా కనబడతాడు. జనం పాటల్లో వీరుడిగా కనబడతాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివిన చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్, దక్కన్ సామాజిక చరిత్రను ఎనిమిది మంది జీవితాల ద్వారా చెప్పిన 2005 నాటి పుస్తకంలో పాపన్నకు ఒక అధ్యాయం ఇచ్చాడు. చక్రవర్తి బహదూర్ షా హైదరాబాద్ వచ్చినప్పుడు పాపన్నకు దర్బారులో గౌరవం దక్కింది. అయితే నగరంలోని ప్రముఖులు మండిపడటంతో అది నిలవలేదు. 1710 నాటికి ఆయన్ను పట్టి చంపారు. తప్పించుకుని వచ్చిన మనిషిని చివరకు ఒక కల్లు అమ్మేవాడే గుర్తుపట్టి పట్టిచ్చాడని కథనం. కల్లు వనాల్లో మొదలైన జీవితం కల్లు అంగడి దగ్గర ముగియడం కథ కోసం అల్లినట్టే ఉంటుంది. అయినా ఆ కాలపు వృత్తాంతం చెప్పేది అదే.

1874లో జె.ఎ. బోయెల్ తెలుగు వీరగాథల గురించి ‘ఇండియన్ యాంటిక్వరీ’లో రాసిన వ్యాసంలో పాపన్న పాటకు చోటు దొరికింది. చేర్యాల నకాశీ పటాల మీద గౌడపురాణం చెప్పే కళ కూడా ఈ ప్రాంతానిదే. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల అంతకుముందు జనగామ డివిజన్‌లోనే ఉండేది.

వెట్టి నుంచి సొసైటీకి

నిజాం పాలనలో కల్లు ఖజానాకు పెద్ద ఆదాయం తెచ్చింది. ఫస్లీ 1316లో, అంటే 1906–07 ప్రాంతంలో వచ్చిన హైదరాబాద్ ఆబ్కారీ చట్టం చెట్టు నుంచి దుకాణం దాకా ప్రతి మెట్టు మీదా సర్కారు చేయి వేసింది. గుత్తకు పాడుకున్నవాడు లాభపడ్డాడు, చెట్టెక్కినవాడికి కూలి మిగిలింది. దేశ్‌ముఖుల ఊళ్లలో మరో బాధ ఉండేది. దొర ఉండే గడీ వాడకం కోసం కొన్ని చెట్లు విడిగా గీసి, కల్లు ఉచితంగా చేర్చాలి. ఇది గౌడుల వంతు వెట్టి. విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పేరు చెబితే వణికిన పల్లెలు ఈ జనగామ జిల్లావే. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు నేలకొరిగిన కడవెండి ఇక్కడే ఉంది. ఆ తర్వాత లేచిన తెలంగాణ సాయుధ పోరాటంలో గీసేవాళ్లు కూడా కలిశారు.

దున్నేవాడికే భూమి అన్నట్టుగా గీసేవాడికే చెట్టు అనే డిమాండ్ తర్వాతి కాలంలో బలపడింది. దాని ఫలితంగా ఊరి గీత కార్మికులంతా కలిసి చెట్లు తీసుకునే సొసైటీ, ఒక్కో మనిషికి విడిగా లైసెన్సు ఇచ్చే టీఎఫ్‌టీ అనే రెండు పద్ధతులు స్థిరపడ్డాయి. తెలంగాణ ఏర్పడ్డాక చెట్టు పన్ను రద్దయింది. 2004లో మూతపడ్డ హైదరాబాద్ కల్లు దుకాణాలు 2014లో తెరుచుకున్నాయి. 2021 నుంచి వైన్‌షాపుల కేటాయింపులో గౌడులకు 15 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. దానివల్ల ఊళ్లో కల్లు గిరాకీని తినేసే బ్రాందీ దుకాణం లైసెన్సు కూడా కల్లు గీసిన కుటుంబానిదే కావచ్చు. సహాయం అంటే ఇలా కూడా ఉంటుంది.

2019లో వచ్చిన నీరా విధానం మరో ప్రయత్నం. 2023 మే నెలలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. నగరం వాళ్లు కుతూహలంగా వచ్చారు. చల్లదనం తగ్గకుండా చెట్టు నుంచి సీసా దాకా తేగలిగితేనే నీరాకు బతుకు. జనగామ చుట్టూ ఉన్న పల్లెల నుంచి నగరానికి వంద కిలోమీటర్ల లోపే దూరం కాబట్టి వీలు లేకపోలేదు.

ఇప్ప రాలే వేళ

మహబూబాబాద్ అడవుల్లోకి వెళితే తాటి పలచబడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పపూలు రాలుతాయి. లేత పసుపు రంగులో, కండగా, తేనె వాసనతో ఉంటాయి. కోయ కుటుంబాలు బుట్టలు పట్టుకుని పొద్దు పొడవకముందే చెట్ల కిందికి చేరతాయి. ఎలుగుబంటి కూడా ఆ వేళకే వస్తుంది, అందుకే పిల్లలను ఒంటరిగా పంపరు. ఏ చెట్టు ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు, దానికి కాగితం అక్కర్లేదు. చెట్టు కింద ఎండుటాకు ఊడ్చి నిప్పు పెట్టడం వల్ల అడవి అంటుకుంటుందని అటవీశాఖ గోల పెడుతుంది. అందులో న్యాయం ఉంది, పువ్వు ఏరుకోవడానికి నేల శుభ్రంగా ఉండాలన్న మాటలోనూ న్యాయం ఉంది.

ఎండబెట్టిన పువ్వు ఏడాది పొడవునా నిలుస్తుంది. అది మొదట తిండి, తర్వాతే మద్యం. ఉడకబెట్టి తింటారు, లడ్డూలు చేస్తారు, కాయల నుంచి ఇప్పనూనె తీస్తారు. సారాకైతే పువ్వును కొన్ని రోజులు నీళ్లలో నానబెట్టి, పులిసాక కుండల్లో కాచి, ఆవిరిని చల్లార్చి పడతారు. చక్కెర, బెల్లం కలపని ఇప్పసారాకు పొగ, పువ్వు కలిసిన వాసన ఉంటుంది. పెళ్లికి, చావుకు, వేల్పుల కొలుపుకు అది తప్పదు. ఒకప్పుడు భూపాలపల్లి జిల్లాలోనే ఉండి, 2019 ఫిబ్రవరిలో ములుగుతో వెళ్లిపోయిన మేడారంలో సమ్మక్క సారలమ్మల జాతరకు కోయ పూజారులు ఇప్పసారా ఆరగింపు పెడతారు. జనం ‘బంగారం’ అనే బెల్లం మొక్కుతారు. అదే బెల్లం మిగతా రోజుల్లో గుడుంబా బట్టీకి పోతుందన్న అనుమానంతో జాతర బెల్లం అమ్మకాల మీద కూడా ఆబ్కారీ కన్ను ఉంటుంది.

ఇక్కడ డోరోతో ఉన్న అసలు తేడా బయటపడుతుంది. అక్కడ పులిసిన రసమూ కాచిన స్పిరిట్టూ ఒకే పీపాలో కలిసి కొత్త సరుకు పుట్టింది. ఇక్కడ పులిసిన కల్లు మెట్టలో ఉండిపోయింది, కాచిన సారా అడవిలో ఉండిపోయింది. కల్లు కులం వేరు, సారా జాతి వేరు, చట్టం దృష్టిలో హోదా కూడా వేరు. 1983 తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లు ఊరూరికీ పంపింది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన ఉద్యమం ఆ వ్యాపారాన్ని ముంచి, 1993 అక్టోబర్ 1న సారా నిషేధానికి దారితీసింది. ఆ నిషేధం మంచిదే. అయితే గిరిజనుల ఇప్పసారాకూ, పటిక, నల్లబెల్లం పోసి కాచే గుడుంబాకూ అది తేడా పాటించలేదు. గుడుంబా బట్టీల మీద దాడులు మహబూబాబాద్ తండాల్లో ఇప్పటికీ తరచూ వచ్చే వార్త.

కొన్ని ఇతర రాష్ట్రాల దారి వేరుగా ఉంది. గోవా ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అస్సాం దిమాసాల బియ్యపు మద్యం జుడిమాకు 2021లో అది వచ్చింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాను వారసత్వ మద్యంగా ప్రకటించి గిరిజన సంఘాలతో సీసాల్లో అమ్మిస్తోంది. జనగామ పక్కనే ఉన్న పెంబర్తి ఇత్తడి సామానుకు, చేర్యాల పటానికి భౌగోళిక గుర్తింపు ఉంది. అదే నేల మీది పోద్దాటి కల్లుకు మాత్రం లేదు. ఏ కల్లు ఏ ఊరిదో, ఏ చెట్టుదో చెప్పే చీటీ లేనప్పుడు కల్తీగాడికి అడ్డు ఉండదు.

ఆ కల్తీ చిన్నది కాదు. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ ఉన్న చోట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు నీళ్లలో కలిపి కల్లుగా అమ్ముతారు. అలవాటైన మనిషికి ఒకరోజు దొరక్కపోతే వణుకు, పిచ్చిచూపులు మొదలవుతాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. డోరోలో ఎల్డర్‌బెర్రీ పొదలు పెరికించినంత కరుకు పని ఇక్కడ ఇంకా మిగిలే ఉంది.

చూడబోయేవాళ్లకు

హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారి 163, రైలుమార్గం రెండూ జనగామ మీదుగానే పోతాయి. పెంబర్తిలో ఇత్తడి పని, ఖిలాషాపూర్‌లో కోట, కవి సోమనాథుడి పాలకుర్తి, కవి పోతన బమ్మెర ఒకే రోజులో చూడవచ్చు. మహబూబాబాద్ వైపు వెళితే కురవి వీరభద్రుడు, బయ్యారం చెరువు, గూడూరు మండలంలో భీమునిపాదం జలపాతం ఉన్నాయి. భూపాలపల్లిలో గణపురం కోటగుళ్లు, రేగొండ దగ్గర రాతిచిత్రాలున్న పాండవుల గుట్టలు, చివరగా ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న కాళేశ్వరం.

తాటికల్లు రుచి చూడాలంటే జనవరి నుంచి మే మధ్య వెళ్లాలి, అదీ పొద్దున పూటే. చెట్లు కనబడే మండువ దగ్గరే తాగాలి. చెట్టు కనబడకుండా సీసాల్లో దొరికే కల్లు ఎంత తియ్యగా ఉన్నా ముట్టొద్దు. గీసేవాళ్లను అడిగితే చెట్టు ఏదో, ఏ పూటదో చెబుతారు. ఇప్పపువ్వు చూడాలంటే మార్చి చివర తెల్లవారుజామున స్థానికుల తోడుతో అడవి అంచుకు వెళ్లవచ్చు. ఎండిన పువ్వునూ ఇప్పలడ్డూలనూ కొనుక్కోవచ్చు. సారా మాత్రం సీసాలో పోయించుకుని తెచ్చుకునే ప్రయత్నం చేయవద్దు. లైసెన్సు లేని సారా కాయడం, అమ్మడం, వెంట పెట్టుకుని తిరగడం తెలంగాణలో నేరం.